మెయిల్‌బాక్స్ నిండితే మొదట తెలిసేదెవరికి?

మెయిల్‌బాక్స్ నిండిపోయిందన్న సంగతి ముందుగా తెలిసేది చాలాసార్లు మెయిల్ పంపినవారికి. ఆ తర్వాత సర్వర్ నడిపే అడ్మిన్‌కు, అదీ ఆయన లాగ్ ఫైళ్లు తిరగేస్తేనే. ఆ మెయిల్‌బాక్స్ ఎవరిదో వాళ్లకు మాత్రం అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. వాళ్లకు కనబడే మార్పల్లా కొత్త మెయిళ్లు రాకపోవడమే. రాని మెయిల్ ఎవరి కంటా పడదు. నాలుగు రోజులుగా ఏమీ రాలేదేమిటని అనుమానం వచ్చేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయి ఉండవచ్చు, ఫీజు గడువు ముగిసి ఉండవచ్చు.

కోటా అంటే ఒక్కో ఖాతాకు ఇంత జాగా అని హద్దు పెట్టడం. పెట్టడం తేలికే, ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క లైను రాస్తే సరిపోతుంది. ఎవరు ఆ హద్దుకు ఎంత దగ్గరలో ఉన్నారో రోజూ చూసుకుంటూ, దాటకముందే వాళ్లకు తెలిసేలా చేయడమే అసలు పని. సొంత మెయిల్ సర్వర్ నడుపుకునే కాలేజీలూ చిన్న సంస్థలూ ఎక్కువగా వదిలేసేది ఈ రెండో పనినే.

నిండిన మెయిల్‌బాక్స్‌కు ఒక మెయిల్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. పంపే సర్వర్ అవతలి సర్వర్‌కు కనెక్టయి ముందు తన పేరు చెబుతుంది. తర్వాత మెయిల్ ఎవరి నుంచి వస్తోందో, ఆపైన ఎవరికి చేరాలో చెబుతుంది. అసలు ఉత్తరం ఇంకా మొదలే కాలేదు. ఎవరికి అన్న మాట దగ్గరే అవతలి సర్వర్ “552 5.2.2, మెయిల్‌బాక్స్ నిండింది” అనవచ్చు. లేదా అదే కారణం చెబుతూ “452 4.2.2” అనవచ్చు. తేడా అంతా మొదటి అంకెలోనే ఉంది. 5తో మొదలైతే ఇక పంపవద్దని అర్థం. పంపే సర్వర్ అక్కడితో ఆపేసి, మీ మెయిల్ చేరలేదని పంపినవారికి కబురు పెడుతుంది. దీన్నే బౌన్స్ అంటాం. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, మళ్లీ ప్రయత్నించమని అర్థం. అప్పుడు పంపే సర్వర్ ఆ మెయిల్‌ను తన క్యూలో ఉంచుకుని వదలకుండా ప్రయత్నిస్తూ ఉంటుంది. సాధారణంగా కనీసం నాలుగైదు రోజులైనా ప్రయత్నించాలని, సర్వర్‌ల మధ్య మెయిల్ బదిలీకి నియమాలు చెప్పే ఎస్‌ఎంటీపీ ప్రమాణం చెబుతోంది. ప్రపంచమంతటా వాడకంలో ఉన్న పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌లో ముందే అమర్చి ఉండే గడువు ఐదు రోజులు.

ఈ 552, 452 కోడ్‌లు నిన్నా మొన్నటివి కావు. జాన్ పోస్టెల్ 1982లో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణ పత్రంలోనే ఉన్నాయి. పక్కనుండే చుక్కల అంకెలు 1996లో వచ్చిన మరో ప్రమాణంలోవి. మెయిల్‌బాక్స్ నిండటాన్ని తాత్కాలిక ఇబ్బందిగానే పరిగణించాలని కూడా ఆ ప్రమాణం సూచించింది, ఎందుకంటే సొంతదారు నాలుగు పాత మెయిళ్లు తీసేస్తే జాగా వస్తుంది. అయినా చాలా సర్వర్‌లు 5తోనే తిప్పి పంపుతాయి. మెయిల్‌బాక్స్‌లను చూసుకునే డవ్‌కాట్ అనే సర్వర్‌లో కూడా ముందే ఉండే పద్ధతి తిప్పి పంపడమే; తాత్కాలికంగా మార్చాలంటే అడ్మిన్ ఒక సెట్టింగ్ పెట్టాలి.

ఏది మంచిది? మెయిల్‌బాక్స్ నిండిన తొలి రోజుల్లో 4తో మొదలయ్యే జవాబే మంచిదని నా అభిప్రాయం. ఉత్తరం పోదు, ఐదు రోజుల వ్యవధి దొరుకుతుంది. కానీ దీనికో షరతుంది. క్యూలో ఆగిన మెయిల్ గురించి పంపినవారికి ఏ కబురూ వెళ్లకపోవచ్చు. ఆలస్యమవుతోందని చెప్పే హెచ్చరిక పోస్ట్‌ఫిక్స్‌లో అడ్మిన్ ప్రత్యేకంగా ఆన్ చేస్తే తప్ప రాదు. అంటే పంపినవారు చేరిందనుకుంటారు, అందుకోవలసినవారు ఎవరూ పంపలేదనుకుంటారు. ఆ ఐదు రోజుల్లో ఎవరో ఒకరు నిండిన మెయిల్‌బాక్స్‌ను గమనించి సొంతదారుకు చెబితేనే ఆ వ్యవధి పనికొస్తుంది. ఎవరూ చూడని చోట అది చెడ్డ వార్తను ఐదు రోజులు దాచిపెట్టడమే అవుతుంది.

కోడ్ ఏదైనా, జవాబు ఎప్పుడు చెబుతున్నామన్నది ముఖ్యం. మెయిల్ మొత్తం తీసుకుని, సరేనని చెప్పి, ఆ తర్వాత పెట్టె నిండిందని గమనించి బౌన్స్ పంపే సర్వర్‌లు ఇంకా ఉన్నాయి. స్పామ్ పంపేవాళ్లు పంపినవారి చిరునామా దగ్గర ఎవరిదో అమాయకుడి చిరునామా వేస్తారు. ఆ బౌన్స్ అంతా అతని నెత్తిన పడుతుంది. కాబట్టి మెయిల్ లోపలికి రాకముందే, ఎవరికి అన్న దశలోనే కోటా చూసి చెప్పాలి. డవ్‌కాట్‌లో దీనికోసం ఒక చిన్న సర్వీసు ఉంది. పోస్ట్‌ఫిక్స్ ప్రతి గ్రహీత విషయంలోనూ దాన్ని అడిగి, అది చెప్పినట్టు చేస్తుంది. ఒకే మెయిల్ పది మందికి వచ్చినప్పుడు కూడా ఈ దశే అక్కరకొస్తుంది. ఇక్కడైతే ఒక్కొక్కరికి వేరే జవాబు చెప్పవచ్చు. ఉత్తరం పూర్తిగా తీసుకున్నాక ఎస్‌ఎంటీపీలో అందరికీ కలిపి ఒకే జవాబుకు వీలుంటుంది.

హద్దు అసలెందుకు పెట్టాలన్న ప్రశ్న సహజమే. డిస్క్ అందరిదీ కాబట్టి. ఒక్కరి ఖాతా అదుపు లేకుండా పెరిగితే మిగతా వాళ్లందరి మెయిల్ ఆగిపోతుంది. యూనిక్స్ కంప్యూటర్లలో ఈ బాధ పడలేక మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎల్జ్ డిస్క్ కోటా వ్యవస్థను రూపొందించారు. అది 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్‌లో చేరింది. ఆయన ఒక హద్దు కాదు, రెండు పెట్టారు. మొదటిది మెత్తనిది: దాటితే హెచ్చరిక వస్తుంది, వరుసగా కొన్ని లాగిన్ల వరకూ సర్దుకోవడానికి అవకాశం ఉంటుంది. రెండోది గట్టిది: ఎట్టి పరిస్థితిలోనూ దాటనివ్వదు. నలభై ఏళ్ల తర్వాత కూడా మెయిల్ సర్వర్‌లన్నీ దాదాపు ఈ దారిలోనే నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్‌లో మూడు మెట్లున్నాయి: ముందు హెచ్చరిక, తర్వాత పంపడం బంద్, ఆఖర్న అందుకోవడం కూడా బంద్. 2010 నాటి ఎక్స్‌ఛేంజ్‌లో ఇవి వరుసగా 1.9 జీబీ, 2 జీబీ, 2.3 జీబీ. ఈ వరుసలో మంచి ఆలోచన ఉంది. పంపడం ఆగితే మనిషికి ఆ క్షణమే తెలుస్తుంది, అందుకోవడం ఆగితే తెలియదు. ముందు తెలిసేదాన్ని ఆపి, ఆ తర్వాతే తెలియనిదాన్ని ఆపడం సొంతదారు మీద చూపిన శ్రద్ధ.

ఇక లెక్కపెట్టడం. ఎవరు ఎంత వాడుతున్నారో తెలుసుకోవడం పైకి చాలా చిన్న పనిలా అనిపిస్తుంది. ఆచరణలో ఇది కాస్త చిక్కైన పని, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చే భాగం కూడా ఇదే.

డేనియల్ బెర్న్‌స్టైన్ తన క్యూమెయిల్ సర్వర్ కోసం మెయిల్‌డిర్ అనే పద్ధతి కనిపెట్టారు. ఇందులో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. ఫైలు పేరులో వచ్చిన సమయం, సర్వర్ పేరు లాంటివి ఉంటాయి. తర్వాత వచ్చిన సర్వర్‌లు ఆ పేరులోనే కామా పెట్టి, ఎస్ అక్షరం, సమానం గుర్తు, 4542 లాంటి ఒక అంకె కూడా చేర్చడం మొదలుపెట్టాయి. అది ఆ మెయిల్ బరువు, బైట్‌లలో. ఎందుకు పేరులో? ప్రతి ఫైలు పరిమాణాన్నీ డిస్క్‌ను విడిగా అడగాలంటే ముప్పై వేల మెయిళ్లున్న ఖాతాకు ముప్పై వేల ప్రశ్నలు అడగాలి. అదే పేర్ల జాబితా ఒక్కసారి తెచ్చుకుని అంకెలు కూడుకుంటే పని అయిపోతుంది.

అయినా ప్రతి కొత్త మెయిల్‌కూ జాబితా అంతా కూడటం వృథా. అందుకే కొరియర్ మెయిల్ సర్వర్ రూపొందించిన శామ్ వర్షావ్‌చిక్ మెయిల్‌డిర్ ప్లస్‌ప్లస్ అనే పొడిగింపులో ఒక చిట్టా ఫైలు పెట్టారు. అది అచ్చం కిరాణా కొట్టు చిట్టాలా నడుస్తుంది. మొదటి లైనులో హద్దు. ఆ కింద ప్రతి లైనులో రెండంకెలు: ఎన్ని బైట్‌లు, ఎన్ని మెయిళ్లు. మెయిల్ వస్తే 4542, 1 అని చేరుతుంది. తీసేస్తే అవే అంకెలు మైనస్ గుర్తుతో చేరతాయి. అన్నీ కూడితే ఈ క్షణాన ఖాతా ఎంత నిండిందో తేలుతుంది. చిట్టా 5120 బైట్‌లు దాటగానే దాన్ని పక్కన పెట్టి, సరుకంతా మళ్లీ లెక్కపెట్టి కొత్త చిట్టా మొదలుపెడతారు. చిట్టా ప్రకారం హద్దు దాటినట్టు కనబడినా, ఆ లెక్క పదిహేను నిమిషాల కన్నా పాతదైతే వెంటనే ఒప్పుకోకుండా మరోసారి లెక్కపెడతారు. ఒకరి మెయిల్‌ను తిప్పి పంపేముందు ఇంత జాగ్రత్త తీసుకోవడం చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

చిట్టా తప్పే సందర్భాలు మాత్రం ఉన్నాయి. అడ్మిన్ సర్వర్‌లోకి వెళ్లి మెయిల్ ఫైళ్లను చేత్తో తీసేస్తే చిట్టాకు ఆ సంగతి తెలియదు. బ్యాకప్ నుంచి ఫైళ్లు తిరిగి పెట్టినా అంతే. ఖాతా సగం ఖాళీగా ఉన్నా నిండిందని సర్వర్ మొండికేస్తుంటే అనుమానించవలసింది దీన్నే. డవ్‌కాట్‌లో కోటా తిరిగి లెక్కించే ఆదేశం ఒకటి ఉంది, అది నడిపితే సర్దుకుంటుంది. కొత్త వెర్షన్లలో విడి చిట్టా బదులు ఇండెక్స్ ఫైళ్ల నుంచే లెక్క తీస్తున్నారు.

వాడుకరులకు తరచూ అంతుబట్టని సంగతులు రెండున్నాయి. మొదటిది అటాచ్‌మెంట్ బరువు. 20 ఎంబీ వీడియో పంపితే మెయిల్‌బాక్స్‌లో అది దాదాపు 27 ఎంబీ అవుతుంది. మెయిల్ అక్షరాల కోసం పుట్టిన వ్యవస్థ కాబట్టి, ఫొటోలూ వీడియోలూ బేస్64 పద్ధతిలో అక్షరాలుగా మారి ప్రయాణిస్తాయి. ప్రతి మూడు బైట్‌లూ నాలుగు అక్షరాలవుతాయి, ప్రతి లైను చివరా మరో రెండు చేరతాయి. మొత్తం మీద 37 శాతం పెరుగుదల. పంపినవారి సెంట్ ఫోల్డర్‌లో కూడా అంతే బరువున్న ప్రతి ఒకటి మిగిలిపోతుంది. రెండోది ట్రాష్. డిలీట్ నొక్కిన మెయిల్ చాలా చోట్ల ట్రాష్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది తప్ప పోదు, దాని బరువు కోటాలోనే ఉంటుంది. ఖాతా నిండిన మనిషి కంగారుగా వంద మెయిళ్లు డిలీట్ చేసి, అయినా అంకె కదలలేదని తికమకపడేది ఇందుకే. ఇంకా చిత్రమేమిటంటే, ట్రాష్‌లోకి జరపడమంటే ముందు అక్కడో ప్రతి రాసి తర్వాత పాతది తీయడం. పూర్తిగా నిండిన ఖాతాలో ఆ ప్రతికే జాగా ఉండకపోవచ్చు. అందుకని ట్రాష్‌కు ఓ వంద ఎంబీ అదనంగా ఇవ్వడం మంచి అడ్మిన్‌లు పాటించే పద్ధతి.

ఇప్పుడు కనిపెట్టుకుని ఉండటం గురించి. 80 శాతం దాటితే ఒక హెచ్చరిక, 95 దాటితే మరొకటి పంపమని డవ్‌కాట్‌కు చెప్పవచ్చు. ఆ హెచ్చరిక కోటా అడ్డు తగలకుండా ఖాతాలో పడేలా ఏర్పాటు కూడా ఉంది, లేకపోతే నిండిందని చెప్పే మెయిలే తిరిగిపోతుంది. కానీ ఒక మెలిక చాలామంది గమనించరు. ఈ హెచ్చరిక హద్దు దాటే ఆ క్షణంలోనే నడుస్తుంది, మళ్లీ నడవదు. అప్పటికే 97 శాతంలో ఉన్నవారికి రాదు. అడ్మిన్ కోటాను 2 జీబీ నుంచి 1 జీబీకి తగ్గిస్తే ఒక్కసారిగా హద్దు అవతల పడిపోయినవారికీ రాదు. ఎవరికి హెచ్చరిక మరీ అవసరమో వాళ్లకే అందదన్నమాట. కాబట్టి ఆ ఒక్క ఏర్పాటు మీదే ఆధారపడకుండా, రోజూ తెల్లవారుజామున అన్ని ఖాతాల లెక్కా తీసి తేదీతో సహా భద్రపరచే చిన్న స్క్రిప్ట్ తప్పకుండా నడవాలి.

ఆ రోజువారీ లెక్కలు చేతిలో ఉంటే శాతాలు ఎంత మోసం చేస్తాయో తెలుస్తుంది. 1 జీబీ కోటాలో ఒక ఖాతా 820 ఎంబీ నిండింది, రోజుకు 6 ఎంబీ చొప్పున పెరుగుతోంది అనుకోండి. 80 శాతమేగా అనిపిస్తుంది, కానీ 34 రోజుల్లో నిండుతుంది. మరో ఖాతా 973 ఎంబీ నిండింది, రోజుకు 0.2 ఎంబీ పెరుగుతోంది. 95 శాతమని ఎర్ర రంగులో కనబడినా దానికింకా ఎనిమిది నెలల వ్యవధి ఉంది. జాబితాను శాతాల వరుసలో కాక, నిండటానికి మిగిలిన రోజుల వరుసలో పేర్చాలి. నా దృష్టిలో మొత్తం పర్యవేక్షణలో ఇంతకన్నా విలువైన మార్పు లేదు, దీనికి ఒక భాగహారం చాలు.

ఒక్కసారిగా పెరిగిన ఖాతాలను వేరే కంటితో చూడాలి. ఏడాదంతా 300 ఎంబీ దగ్గరున్న ఖాతా ఒక్క రాత్రిలో 900కు చేరిందంటే, దాని పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనైనా పడిందేమో చూడాలి. దొంగిలించిన ఖాతా నుంచి వేలాది స్పామ్ మెయిళ్లు వెళ్తే, చేరనివన్నీ బౌన్స్‌లై ఆ ఖాతాలోకే వచ్చి పడతాయి. సర్వర్‌లో ఏదో పాత స్క్రిప్ట్ నిమిషానికోసారి తప్పు చేసి, ఆ తప్పును మెయిల్‌గా పంపుకుంటూ పోవడం కూడా మామూలే. కోటా లెక్క అలా భద్రతకూ కావలి కాస్తుంది.

ఖాతాలతో పాటు డిస్క్‌ను కూడా చూసుకోవాలి. ఐదు వందల మందికి రెండేసి జీబీ ఇచ్చి 400 జీబీ డిస్క్ పెట్టడం తప్పేమీ కాదు, ఎక్కువమంది తమ వాటాలో కొద్దిగానే వాడతారు. ఆ నమ్మకం ఎంతవరకూ నిలుస్తుందో చూస్తూ ఉండాలంతే. డిస్క్ నిండితే కోటాలో ఎంత మిగిలినా ఎవరికీ మెయిల్ రాదు. క్యూ ఉన్న డిస్క్‌లో ఖాళీ, అనుమతించే అతిపెద్ద మెయిల్‌కు ఒకటిన్నర రెట్ల కన్నా తగ్గగానే పోస్ట్‌ఫిక్స్ అందరికీ 452 చెబుతుంది. ఇంకో కొరత కూడా పొంచి ఉంటుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, డిస్క్ సిద్ధం చేసినప్పుడే ఎన్ని ఫైళ్లకు చోటో నిర్ణయించేస్తుంది. మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఫైలు. మెయిళ్లన్నీ చిన్నవైతే డిస్క్‌లో సగం జాగా ఉండగానే ఫైళ్ల సంఖ్య అయిపోతుంది. ఈ రెండో లెక్కను కూడా రోజూ చూడాలి.

సర్వర్ సంగతి అటుంచి, వాడుకరి తన వాడకం తానే చూసుకోవచ్చా? మెయిల్ ప్రోగ్రామ్‌లు సర్వర్‌లోని మెయిల్ చూడటానికి వాడే ఐమ్యాప్ పద్ధతిలో ఆ వీలుంది. 1997 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2087 ప్రకారం మెయిల్ ప్రోగ్రామ్ సర్వర్‌ను కోటా ఎంత, వాడింది ఎంత అని అడగవచ్చు. 2022లో దీనికి కొత్త ప్రమాణం వచ్చింది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఈ జవాబును తెర అడుగున చూపిస్తుంది. అదే పనికి వాడే పాత పద్ధతి పాప్3లో అయితే ఆ ప్రశ్నే లేదు.

జీమెయిల్ వాడేవారికి ఇదంతా అక్కర్లేదనుకునే కాలం ఒకటుండేది. హాట్‌మెయిల్ 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ ఇస్తున్న రోజుల్లో, 2004 ఏప్రిల్ 1న గూగుల్ ఏకంగా 1 జీబీ ప్రకటించింది. ఇక మెయిల్ తీసేయనక్కర్లేదన్న అలవాటు అప్పుడే పుట్టింది. ఇవాళ ఉచిత ఖాతాకు 15 జీబీ ఉంది, కానీ అది మెయిల్‌కు ఒక్కదానికే కాదు. డ్రైవ్ ఫైళ్లు, 2021 జూన్ 1 తర్వాత చేరిన ఫొటోలు, 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్‌లు కూడా అందులోవే. కుటుంబ గ్రూపుల్లో తిరిగే పెళ్లి వీడియోలు, పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు బ్యాకప్‌లోకి వెళ్లి ఆ 15 జీబీని తినేస్తే, ఆగిపోయేది వాట్సాప్ కాదు, మెయిల్. మన ఇళ్లలో జీమెయిల్ నిండటానికి కారణం చాలాసార్లు మెయిల్ కానే కాదు. విద్యాసంస్థలకు గూగుల్ ఇచ్చిన అపరిమిత జాగా కూడా 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీకి కుదిరింది. అప్పటిదాకా కోటా మాట ఎరగని విశ్వవిద్యాలయాలు ఎవరు ఎంత వాడుతున్నారో కొత్తగా లెక్కలు తీయవలసి వచ్చింది.

నిండిన కాలంలో జరిగే మరో నష్టం సర్దుకున్నాక కూడా వెంటాడుతుంది. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపే వ్యవస్థలు పదే పదే బౌన్స్ అయ్యే చిరునామాలను తమ జాబితా నుంచి తీసేస్తాయి. మీరు తర్వాత ఖాతా ఖాళీ చేసుకున్నా ఆ సంస్థ నుంచి మెయిల్ రావడం మొదలవ్వదు. నెలల పాటు నిండి ఉన్న ఖాతాను ఖాళీ చేసినవారు బ్యాంకు, విశ్వవిద్యాలయం లాంటి ముఖ్యమైన చోట్ల తమ చిరునామా ఇంకా నమోదై ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఇన్ని హెచ్చరికల గురించి చెప్పాక దొంగ హెచ్చరికల మాట చెప్పకపోతే తప్పవుతుంది. “మీ మెయిల్‌బాక్స్ 98 శాతం నిండింది, 24 గంటల్లో ఇక్కడ నొక్కి పెంచుకోండి” అంటూ వచ్చే మెయిల్, పాస్‌వర్డ్‌లు కాజేసేవారు తరచూ వాడే ఎర. అందుకే సంస్థలు తాము పంపే నిజమైన హెచ్చరికలో ఏ లింకూ పెట్టకూడదు. ఎంత నిండింది, ఎప్పటికి పూర్తిగా నిండవచ్చు, ఏ ఫోల్డర్‌లో ఎక్కువ బరువుంది అని సాదా తెలుగులో రాసి, సహాయానికి ఆఫీసులో కలవవలసిన చోటు చెబితే చాలు. లింక్ నొక్కమని అడిగే ఏ కోటా మెయిల్‌నూ మీరు నమ్మవద్దు. జాగా ఎంతుందో చూడాలంటే బ్రౌజర్ తెరిచి చిరునామా మీరే టైప్ చేసి వెళ్లండి.

కాలేజీల్లో, ఆఫీసుల్లో మెయిల్ సర్వర్‌లు చూసుకునే మిత్రులకు ఒక విన్నపం. పరీక్షల నోటిఫికేషన్లు, అడ్మిషన్ల కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు, నెల రోజుల్లో నిండబోయే ఖాతాల జాబితా ఒకటి తీయండి. ఇప్పటికే ఖాతా నిండినవారికి మెయిల్ పెట్టి ఊరుకోకండి, ఎస్సెమ్మెస్ పంపండి, లేదా ఫోన్ చేయండి. వంద మంది ఉన్న జాబితా అయినా ఇద్దరు కూర్చుంటే ఒక పూటలో అయిపోయే పని.